అదే చేస్తుంది

ఆదివారం ఉదయం వాషింగ్ మిషన్ ముందు కూర్చుని మా ఆయన ప్యాంటు జేబులు తిరగేస్తున్నాను. ఒక పెన్ను, రెండు బస్సు టికెట్లు, నలిగిన చేతిరుమాలు దొరికాయి. కాలర్లకు బ్రష్ కొట్టి, రంగు పోయే చొక్కా విడిగా పెట్టి, మా అబ్బాయి సాక్సుకి జత కోసం మంచాల కింద వెతికి వచ్చాను. పేపరు వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఇంకా అక్కడేం చేస్తున్నావ్? బట్టలు పడేసి బటన్ నొక్కితే అదే ఉతుకుతుంది కదా!"

ఈ 'అదే'కీ మా పెళ్ళికీ ఒకటే వయసు. కాపురానికొచ్చిన కొత్తలో అత్తయ్య "కుక్కర్ పెడితే అదే ఉడుకుతుంది" అనేవారు. బియ్యం కడిగేదెవరో, అడుగంటిన గిన్నె తోమేదెవరో ఆవిడకి గుర్తుండేది కాదు. చుట్టాలొచ్చినప్పుడు హాల్లోంచి "నువ్వు లేవకే, అదే చేస్తుందిలే" అని వినిపిస్తే, అన్నది కుక్కర్ గురించో నా గురించో తెలిసేది కాదు. మన భాషలో వస్తువునీ అది అంటాం, కోడలినీ అది అంటాం. కొన్నాళ్ళకి తేడా వెతకడం మానేశాను.

మా ప్రెస్సు ఆఫీసులోనూ ఇదే మాట. నేను డిజైనర్‌గా చేరిన రోజుల్లో డిజైన్ అంటే బ్లేడు, గమ్ము, స్కేలు. అచ్చయిన కాగితంలోంచి అక్షరాలు కోసి అట్ట మీద వరసగా అంటించేదాన్ని. ఒత్తులు మాత్రం ప్రాణం తోడేసేవి. వడ్లగింజంత ఒత్తు ఫ్యాను గాలికి ఎగిరిపోతే బల్ల కింద దూరి వెతుక్కోవాలి. ఒకరోజు ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే మోచేతికి ఒక మ ఒత్తు అంటుకుని కనిపించింది. "మీవాళ్ళు పుస్తకాలు మానేసి నిన్ను అచ్చేస్తున్నారా ఏంటి?" అని ఆయన పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, ఆ ఒత్తుని కాగితంలో మడిచి పర్సులో పెట్టుకుని మర్నాడు దాని చోట దాన్ని అంటించాను. లేకపోతే అక్కడెవరో అమ్మ కాస్తా 'అమ' అయి కూర్చునేది.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. మా యజమానిని అందరం పెద్దసారు అంటాం. ఆయన దాని మీద కప్పిన గుడ్డ తీసి, "ఇక మీకు పనే లేదమ్మా, అదే చేస్తుంది" అన్నారు. అప్పుడు నాకు ఏడో నెల. పొట్ట అడ్డమొచ్చి కీబోర్డు అందక, పక్కకి తిరిగి కూర్చుని నేర్చుకున్నాను. అది ఒత్తులన్నిటినీ అక్షరం కింద నుంచి తీసి పక్కన కూర్చోబెట్టేది. ఒక్కొక్కదాన్నీ బుజ్జగించి వెనక్కి పంపేదాన్ని. ఆ తర్వాత వెబ్‌సైట్లొచ్చాయి. గోడంత పోస్టరు అరచేతిలో పట్టే ఫోన్‌లోకి దిగింది. ప్రతిసారీ పెద్దసారు అదే వాక్యం చెప్పేవారు, ప్రతిసారీ నేను ఓనమాల దగ్గర నుంచి మొదలుపెట్టేదాన్ని. ఇంట్లో మా ఆయన తన స్నేహితులతో "మావిడది హాయైన ఉద్యోగం, నీడపట్టున కూర్చుని బొమ్మలేసుకోవడమే" అనేవారు. వినీ వినీ నేనూ సగం నమ్మాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

ఈ ఏడాది కొత్త సాఫ్ట్‌వేర్ దిగింది. ఏం కావాలో మాటల్లో చెబితే చాలు, బొమ్మ గీసి ఇస్తుంది. ఒక బడికి యాభై ఏళ్ళు నిండాయని ప్రత్యేక సంచిక వేస్తుంటే, అట్ట బొమ్మ దానితోనే గీయించారు పెద్దసారు. బొమ్మకి వంక పెట్టలేం. అక్షరాలు మాత్రం ఘోరం. 'స్వర్ణోత్సవం' అని ఉండాల్సిన చోట, ర కింది ణ ఒత్తు అసలు లేదు. త కింద ఏ అక్షరమాలలోనూ లేని తోకేదో వేలాడుతోంది. "కాస్త చూసిపెట్టమ్మా" అన్నారు. నేను కాగితం మీద బ్రష్‌తో ఆ ఒక్క మాట నలభైసార్లు రాశాను. మూడు రోజులు పట్టింది. నలభయ్యోసారి ణ ఒత్తు వంపు తిరిగిన తీరు చూసి నాకు కళ్ళు చెమర్చాయి. చాలా ఏళ్ళ తర్వాత నా చెయ్యి నాకు కనిపించింది.

ఆ సంచిక విడుదల సభకి మా ఆయన్ని కూడా తీసుకెళ్ళాను. ఆ అట్ట ఆయన చూడాలని నా ఆశ. బడి పెద్ద టీచరమ్మ, డెబ్బై దాటినావిడ, అట్ట మీద వేలు ఆనించి ఒత్తు వెంట నెమ్మదిగా జరిపారు. "ఇది ఎవరు చేశారు? చేత్తో రాసినట్టుందే" అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా పెద్దసారు మైకు అందుకున్నారు. "మనిషి చెయ్యి పడలేదండీ! అంతా అదే చేసింది!"

చప్పట్లు మోగాయి. సొమ్మొకడిది సోకొకడిది. నా పక్కన కూర్చున్న ఆయన కూడా చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చే దారిలో "ఆ అక్షరాలు నేను రాశానండీ" అన్నాను. "నువ్వు కాస్త సర్ది ఉంటావులే" అన్నారు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. పెద్దసారు మాటకి కోపం వచ్చింది. ఈ మాటకి ఏడుపొచ్చింది.

మిషన్ ఆఖరి విడత తిరుగుతుండగా ఫోన్ మోగింది. పెద్దసారే. స్పీకర్ నొక్కి, బల్ల తుడుస్తూ మాట్లాడాను.

"అమ్మా, ఆసుపత్రి బోర్డులు రెండొందలు వచ్చాయి. అదే చేసేసింది గానీ, ఒత్తులు కాస్త అటూ ఇటూ అయ్యాయి. ఇంట్లో కూర్చుని సరిచేసెయ్. ఇంకో మాట, రేపట్నుంచి ఆఫీసుకి రానక్కర్లేదు. నీ సీటు తీసేస్తున్నాం. ఇలా ఏదైనా పనుంటే నేనే పిలుస్తాగా."

పేపరు కిందికి దిగింది. ఆయన నావైపు చూసి తల ఊపుతూ, "ఒప్పుకో, ఒప్పుకో. ఇల్లు చూసుకుంటూ చేసేయొచ్చు" అని గుసగుసలాడారు.

ఏరు దాటాక తెప్ప తగలేస్తారని విన్నాను గానీ, తగలబడుతూ ఇంకో నలుగుర్ని దాటించమని తెప్పనే అడుగుతారని వినలేదు. ఇప్పుడు ఊఁ అన్నానంటే నాకు సీటూ ఉండదు, పేరూ ఉండదు. నా పనంతా దాని పనైపోతుంది. చేతిలో తడిగుడ్డ బల్ల అంచున పెట్టాను.

"నేను సరిచేయను సర్. అదే చేస్తుంది కదా, చేయనివ్వండి."

అవతల నుంచి "అమ్మా... అమ్మా..." అని వినిపిస్తుండగానే పెట్టేశాను. 

ఆయన లేచి నిలబడ్డారు. "పిచ్చా నీకు? చెప్పినంత పని చేసి ఊరుకోక..." ఇంకా ఏదో అనబోతుంటే ఉతకడం అయిపోయిందని మిషన్ కుయ్ కుయ్‌మంది. అలవాటుగా మాట అటు తిరిగింది. "ముందు అది చూడు. బట్టలు ఆరేయాలిగా!"

"అదే ఆరేసుకుంటుందిలెండి" అన్నాను.

గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, సభ రోజు కరపత్రం మీదున్న బడి పెద్ద టీచరమ్మ నంబరు కొట్టాను. రెండు రింగులకే ఎత్తారు.

"నమస్కారమండీ. మీ సంచిక అట్ట మీద ఆ అక్షరాలు చూసి, ఇది ఎవరు చేశారని అడిగారు గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదమ్మా, అంతా అదే చేసిందన్నారుగా మీ సారు."

"అవునండీ" అన్నాను. "అది నేనే."