దొడ్డమునియప్ప నడుం ఫోటో

బూదికోట దొడ్డమునియప్పకు నడుం నొప్పి వస్తే కోలారులో స్కానింగ్ తీయించారు.

"వయసుతో డిస్కు అరగడం మామూలేనప్పా. పడుకోవద్దు, మెల్లగా పని చేసుకుంటా ఉండు" అన్నాడు డాక్టరు.

దొడ్డమునియప్ప చెవికెక్కింది 'అరగడం' అన్న మాట ఒక్కటే. ఇంటికొచ్చి మంచం ఎక్కాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళకల్లా స్కానింగ్ ఫిల్మును వెలుతురుకు పట్టి, నల్లబడిన డిస్కును వేలితో చూపించేవాడు. ఆ వారం ఊళ్ళో దేవుడికి కూడా అన్ని దర్శనాలు జరిగి ఉండవు. వాళ్ళు అయ్యో అని, అరటిపండ్లు పెట్టి వెళ్ళేవారు. భార్య మునివెంకటమ్మ పాలు పిండి, పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోసి మోసుకొచ్చి, వాళ్ళందరికీ కాఫీలు పెట్టేది.

"నీకు నడుం నొప్పి లేదా అమ్మా?" అని ఒకామె అడిగింది.

"నాకు ఇంగా ఫోటో తీయలేదు గదమ్మా."

మరునాడు చుట్టాలొచ్చే వేళకు ఫిల్ము కనిపించలేదు.

"యాడ పెట్టినావే?"

"పురుగుల షెడ్డులోకి ఎండ కొడతా ఉంటే కింది కిటికీకి అడ్డం కట్టినాను."

దొడ్డమునియప్ప మంచం దిగి షెడ్డుకు పరుగెత్తాడు. నేలకు జానెడెత్తున ఉన్న ఆ కిటికీ ముందు వంగి, ముడులు విప్పి, ఫిల్ము లాక్కుని లేచాడు. ఒక్క మూలుగు లేదు. చుట్టాలు వాకిట్లోంచి చూస్తూనే ఉన్నారు.

మునివెంకటమ్మ ఆకుల గంప తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఎట్లాగూ వంగినావు గదా, దీన్ని కూడా లోపల పెట్టు. మెల్లగానే, డాక్టరు చెప్పినట్టు."