పన్నెండు సున్నాలు

వైరా నుంచి వచ్చిన బెంజమిన్‌కు సోమవారం వైవా. అది గట్టెక్కితే డాక్టరేటు. అందులో చూపించడానికి నాలుగు ఫొటోలు తీసుకుందామని భద్రాచలం అడవి అంచున ఉన్న ఆ గూడేనికి వచ్చాడు. పోయినేడు తను కొత్త మలేరియా మాత్రను పరీక్షించింది అక్కడే.

ఊళ్లో మందులిచ్చే జంపక్క అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, ఒక అట్టపెట్టె తెచ్చి ముందు పెట్టింది.

"నీ మాత్రలే సారూ. పొద్దుగాల సర్కారోళ్లు జీపుల తెచ్చిండ్రు. నలభై ఊళ్లకు ఇగ గివేనంట. పాతయి వాపస్ తీస్కపోయిండ్రు."

బెంజమిన్ పెట్టెను పక్కకు జరిపాడు.

పోయినేటి పరీక్షలో, మాత్ర మింగిన ఇరవై ఎనిమిదో రోజున మళ్లీ వచ్చి ఒక్కొక్కరి రక్తం చూడాలి. వచ్చేసరికి ముప్పై మందిలో పన్నెండు మంది లేరు. తునికాకు కోతకు అడవిలోకి పోయారు. ఎండాకాలం ఇక్కడ ఇళ్లు ఖాళీ అవుతాయని అంత చదివిన గైడు సారుకూ తట్టలేదు, శిష్యుడికీ తట్టలేదు. కాగితంలో ఖాళీ గడులు చూసి గైడు సారు విసుక్కున్నాడు. "జర్నల్లో పేపరు పడకపోతే నాకు ప్రొఫెసర్ పోస్టు రాదు, నీకు డాక్టరేటు రాదు. జ్వరముంటే వాళ్లే వచ్చేవాళ్లు కదా. రక్తంలో మలేరియా లేదని సున్నా వెయ్." కుక్కతోక పట్టుకుని గోదారి ఈదబోయిన బెంజమిన్ పన్నెండు సున్నాలూ వేశాడు. పేపరు పడింది. సారు మెడలో దండలూ పడ్డాయి.

"జంపక్కా, పోయినేడు ఆకు కోతకు పోయినోళ్లకు జ్వరమేమన్నా వచ్చిందా?" అడగక తప్పలేదు.

"అవ్, ఏడుగురికి తిరగబెట్టింది. పగిడయ్య, సమ్మయ్య ఆకు ఆరబెట్టే కల్లంకాడనే సచ్చిపోయిండ్రు. నన్నెవలూ అడగలే."

ఆ రెండు పేర్ల పక్కన సున్నాలు వేసింది తనే.

"మనుమరాలికి నిన్నటి సంది చలిజ్వరం," అంటూ జంపక్క మాత్ర తుంచింది. "ఇయ్యాల్నా సారూ?"

నోరు తెరిస్తే సోమవారం వైవా లేదు. తెరవకపోతే గుమ్మంలో దుప్పటి కప్పుకుని వణుకుతున్న ఆ పిల్ల ఏమవుతుందో.

"ఇయ్యకు," అన్నాడు చివరికి. "పేపర్ల నేను అబద్ధం రాసిన. పిల్లను దవాఖానాకు తీస్కపోదాం."

జంపక్క తుంచిన మాత్రను పెట్టెలో పడేసి మూత వేసింది. తిట్టినా బాగుండేది.

"మరి మిగిలిన ఊళ్లకు?" అంది. "నేను చెప్తే ఇంటరా? నువ్వు రాస్తేనే గద గివి వచ్చినయి. వద్దని గూడ నువ్వే రాసియ్యి. దవాఖానల పెద్ద డాక్టరుకు ఇస్త."

బెంజమిన్ నోటుబుక్కులోంచి కాగితం చింపి, ఆ పన్నెండు సున్నాలూ అబద్ధమని, మాత్రలు ఆపమని రాశాడు. కింద తన పేరు అలుక్కుపోయింది. కొట్టేసి, మళ్లీ రాశాడు.