తుడిచే ముందు మూడుసార్లు

కంప్యూటర్లు బాగుచేసే ఆ పెద్దమనిషికి చుట్టుపక్కల వీధుల్లో మూడుసార్ల మేస్త్రీ అని పేరు పడిపోయింది. ఏ యంత్రాన్నైనా పూర్తిగా తుడిచేసే ముందు, అందులో కావలసింది ఏమైనా ఉందా అని మూడుసార్లు అడగందే ఆయన వేలు కదలదు. వినేవాళ్లకు విసుగు, ఆయనకు మాత్రం అదో వ్రతం. పని నేర్చుకునే రోజుల్లో ఒక ఇంట్లో అడక్కుండా తుడిచేసి, పసిబిడ్డ తొలి అడుగుల వీడియోను గాల్లో కలిపేశాడు. ఆ తల్లి కూలి చేతిలో పెట్టి, గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. ఆ మర్యాద ఆయన్ను ఇప్పటికీ పొడుస్తూనే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం ఆయన్ను పిలిపించిన ఇల్లాలు అప్పటికే విసిగి వేసారి ఉంది. లాప్‌టాప్ తెరుచుకోవడానికే పావుగంట పడుతోందట. పన్నెండేళ్ల కూతురు బడి నుంచి రావడం ఆలస్యం, దాన్ని చంకన పెట్టుకుని నానమ్మ గదిలో దూరి తలుపేసుకుంటుందట. ఏం చేస్తున్నావే అంటే ఏం లేదమ్మా అంటుందట. ఆ నానమ్మకు ఏడాది కిందట పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆవిడ ఎదురుగా కూర్చుని ఎన్ని ఆటలాడుకున్నా చాడీ చెప్పేవాళ్లు లేరని పిల్ల ధీమా అని తల్లి లెక్క. పైగా మార్కులు కూడా దిగజారాయి. అందుకని అంతా తుడిచేసి, రోజుకు గంటకు మించి తెరుచుకోకుండా తాళం వేసి పెట్టమంది.

తాళానిదేముంది, రెండు నిమిషాల పని అన్నాడు మేస్త్రీ. కాకపోతే పిల్లతో కూర్చుని మాట్లాడి వేసిన తాళమే నిలుస్తుందనీ, చెప్పకుండా వేస్తే వారం తిరక్కుండా విప్పేస్తారనీ తన మామూలు పాఠం చదివాడు. ఆమె ఊఁ కొట్టింది.

యంత్రం పొట్ట నిండా వీడియోలు కూరి ఉన్నాయి. ఇంకొకరి సామాను తెరిచి చూసే అలవాటు ఆయనకు లేదు. కావలసినవేమైనా ఉన్నాయా అని అడిగాడు. అంతా ఆటల తాలూకు చెత్తేనంది. టీ తాగాక మళ్లీ అడిగాడు. తన ఫొటోలన్నీ ఫోన్లో ఉన్నాయంది, ఈసారి కాస్త చిరాగ్గానే. మూడోసారి వేలు మీట మీద పెట్టి అడిగాడు.

అప్పుడు పక్క గదిలోంచి ఒక శబ్దం వచ్చింది. గొంతు అడుగు నుంచి లాగి వదిలిన మూలుగు, చివర చిన్న విరుపు.

"మంచినీళ్లకి," అంటూ ఇల్లాలు గ్లాసు పట్టుకెళ్లింది. మేస్త్రీకి తెరిచిన తలుపులోంచి మంచం కనిపిస్తూనే ఉంది. పెద్దావిడ గ్లాసు వంక చూడలేదు, ఆయన వేలినే చూస్తోంది. నోటి దాకా వచ్చిన నీళ్లు ఒక గుక్క తాగి, మళ్లీ అదే మూలుగు మూలిగింది. ఇంకా కావాలా అత్తయ్యా అని అడిగింది కోడలు.

మేస్త్రీ వేలు తీసేశాడు. ఇరవై ఏళ్లుగా మూడేసిసార్లు అడుగుతానని గొప్పలు పోయే మనిషి, మంచం మీద ఉన్నావిడను లెక్కలోకే తీసుకోలేదు. ఒక్క వీడియో చూడనివ్వమ్మా అని బతిమాలితే, ఇల్లాలు సరేనంది.

తెర మీద పెద్దావిడ ముఖం. ఏదో శబ్దం చేసింది. దుప్పటా, దిండా, కిటికీయా అని పిల్ల గొంతు ఒక్కొక్కటీ అడుగుతోంది. కిటికీ అనగానే పెద్దావిడ రెండుసార్లు కళ్లు మూసి తెరిచింది. తెరవాలా, మూయాలా అని మళ్లీ మొదలు. ఆ ఒక్క శబ్దం అంతు తేల్చడానికి పదకొండు రోజులు పట్టినట్టు తేదీలు చెబుతున్నాయి. అంతు తేలాక పిల్ల ఆ వీడియోకి 'కిటికీ తెరువు' అని పేరు పెట్టి, 'తెలిసినవి' అన్న అరలో పెట్టింది. దాని పక్కన 'ఎడమ కాలు నొప్పి', 'రేడియో', 'నవ్వొస్తోంది'... నూట ముప్పై ఏడు. ఇంకో అర పేరు 'ఇంకా తెలియనివి'.

మేస్త్రీ ఎన్ని ఇళ్లలో ఎన్ని యంత్రాలు విప్పాడో ఆయనకే గుర్తులేదు, ఇలాంటిది మాత్రం ఎక్కడా చూడలేదు. మాట పోయిన మనిషికి ఒక చిన్నపిల్ల చడీచప్పుడూ లేకుండా ఒక భాషే కూర్చిపెట్టింది. దాన్ని తాను ఒక్క నొక్కుతో లేకుండా చేసేవాడు. దండం పెట్టాలనిపించింది, ఎవరికి పెట్టాలో తోచలేదు.

'నీళ్లు' అని ఉన్నదాన్ని నొక్కాడు. పెదాలు చప్పరించిన చిన్న చప్పుడు. ఇందాక విన్నది ఇది కాదు. ఒకటొకటిగా నొక్కుకుంటూ పోయాడు. చివరికి లాగి వదిలిన ఆ మూలుగూ, ఆ విరుపూ దొరికాయి. దాని పేరు 'వద్దు'.

ఇల్లాలు చేతిలోని గ్లాసు వంక చూసుకుంది. "ఏడాది నుంచీ వద్దన్నప్పుడల్లా నీళ్లు తాగించానండీ," అంది. "తాగాక మళ్లీ వద్దంటే, చాల్లేదేమోనని ఇంకో గ్లాసు తెచ్చేదాన్ని." నవ్వబోయింది, నవ్వు రాలేదు.

ఇక తుడిచేది లేదన్నాడు మేస్త్రీ. సంచీలోంచి రెండు చిన్న డిస్కులు తీసి, అన్నిటినీ రెండింట్లోకీ ఎక్కించడం మొదలుపెట్టాడు. ఒకటి ఇంట్లో ఉంచుకుని, రెండోది బంధువుల ఇంట్లో దాచమని చెప్పాడు. ఈ ఇంటికేమైనా అయినా మాటలు మిగలాలి కదా అన్నాడు. తాళం సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఎక్కుతున్న పేర్లలో ఒకే పేరు వరసగా నలభై సార్లు కనిపించింది. 'కూర్చో'. నొక్కితే, మెత్తగా సాగదీసిన ఒక శబ్దం.

"ఇది నాకు తెలుసు," అంది ఇల్లాలు. "నేను గదిలోకి వెళ్తే చాలు, ఇదే. ఆలస్యమైందని విసుక్కుంటున్నారనుకున్నాను."

ఆ వెంటనే వీడియోలో పిల్ల గొంతు గుసగుసగా వినిపించింది. "ఇది అమ్మని చూస్తేనే అంటుంది. కాసేపు కూర్చోమని. అమ్మకి ఖాళీ ఉన్నప్పుడు చెప్పాలి."

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లింది. లోపలినుంచి మెత్తగా, సాగదీసినట్టు ఆ శబ్దమే వచ్చింది. వెనకాలే కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది.

డిస్కుల్లోకి ఎక్కించడం అయిపోయినా మేస్త్రీ ఆమెను పిలవలేదు. అలికిడి కాకుండా అక్కడే కూర్చున్నాడు.