టీచరాట

పాప రేపటి నుంచి నర్సరీకి వెళ్ళాలి. బట్టలు తడుపుకునే పిల్లలను అక్కడ ఉంచుకోరు. అందుకే ఆ ఆదివారం అమ్మ టీచరై కుర్చీలో కూర్చుంది.

"ఒంటికి వస్తే చిటికెన వేలు చూపించి అడగాలి. బిగబట్టుకోకూడదు. సరేనా బంగారం?"

చాప మీద కూర్చున్న పాప తలూపింది. కాసేపటికి నిజంగానే వేలెత్తింది.

అమ్మ బట్టల ఫ్యాక్టరీలో మిషన్ కుడుతుంది. అక్కడ ఒంటికి వెళ్ళాలన్నా సూపర్‌వైజర్ దయ కావాలి. ఎవరు అడిగినా వాడు అనే మాట ఒకటే. అదే ఆమె నోట వచ్చేసింది.

"ఇప్పుడేగా వెళ్ళొచ్చావు. కూర్చో."

నాయనమ్మ నవ్వింది. "అబ్బో, టీచరమ్మ మా గట్టిది."

పాప నవ్వలేదు. వేలు దించేసి మోకాళ్ళు దగ్గరికి నొక్కుకుంది. మిషన్ ముందు అమ్మ రోజూ కూర్చునేది అలాగే. చాప తడిసింది.

"తప్పు నాదే తల్లీ. నువ్వు అడుగు, నేను పంపిస్తాను" అంటూ అమ్మ గౌను మార్చింది. నీళ్ళు తాగించి, బతిమాలి, చీకటి పడేదాకా అదే ఆట ఆడించింది.

పాప బుద్ధిగా మోకాళ్ళు నొక్కుకుని కూర్చుంది. వేలు మాత్రం మళ్ళీ ఎత్తలేదు.