ఎవరి ఒడైనా ఒకటే

బారీ అనే సముద్రతీరపు ఊళ్లో బస్సు కోసం ఎదురుచూస్తున్న మిసెస్ ప్రోసర్ ఒళ్లోకి నాలుగేళ్ల సోరీనా తనంతట తానే ఎక్కి, మెడ చుట్టూ చేతులు వేసింది. ఆ ముసలావిడను పిల్ల అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

"కొత్తా పాతా లేదే నీ కూతురికి. మా మనవరాలైతే నన్ను చూసి కూడా కుర్చీ కింద దూరుతుంది" అంది ఆవిడ మురిసిపోతూ.

పక్కనే నిలబడ్డ గ్లెనిస్ నవ్వింది. పుట్టింది మొదలు రుమేనియాలోని అనాథాశ్రమంలో ఉన్న ఆ పిల్లను ఆమె, భర్త ఎమ్రిస్ తెచ్చుకుని పెంచుకుంటూ ఏడాదైంది. అందరూ కలుపుగోలు పిల్ల అని మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పు గ్లెనిస్‌కు ముల్లులా గుచ్చుకునేది.

ఎందుకంటే ఇంట్లో సోరీనా ఏడవదు. మెట్ల మీంచి పడి పెదవి చిట్లిన రోజు, పక్కనే ఉన్న తల్లి వైపైనా చూడకుండా గోడకు జారబడి ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉండిపోయింది. ఎత్తుకోబోతే ఒళ్లంతా కర్రలా బిగుసుకుంది.

ఆగస్టులో సముద్రపు ఒడ్డున పిల్ల కనబడకుండా పోయింది. గొంతు పోయేలా పిలుస్తూ వెతికితే, చివరికి ఎవరిదో కారు వెనక సీట్లో వేయించిన బంగాళాదుంప ముక్కలు తింటూ కనిపించింది.

"తనే వచ్చి ఎక్కిందండీ. మీకోసమే వెతకబోతున్నాం" అంది కారులోని ఆవిడ కంగారుగా.

గ్లెనిస్ కారులోకి వంగి పిల్ల చెయ్యి పట్టుకుంది. "నేను కనపడకపోతే భయమెయ్యలేదా తల్లీ?"

"వీళ్లకి కుక్కుంది. వీళ్లింటికి వెళ్లిపోనా?" అంది పిల్ల. ఆ మాటలో అలక లేదు, మొండితనమూ లేదు.

ఆ సాయంత్రం ఎమ్రిస్ ఓదార్చబోయాడు. "ఇంకా కొత్త కదా. ప్రేమగా చూస్తే అదే దారికొస్తుంది."

"చూస్తూనే ఉన్నాగా. దానికి నేనూ ఒకటే, ఆ కారావిడా ఒకటే."

ఇలాంటి పిల్లలెందరినో చూసిన పెద్దాయన డాక్టర్ మెరెడిత్. ఇద్దరూ పిల్లను ఆయన దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన అంతా విని నెమ్మదిగా చెప్పాడు.

"తప్పు మీదీ కాదు, పిల్లదీ కాదు. అలాంటి ఆశ్రమాల్లో గది నిండా మంచాలు, చూడ్డానికి ఒకరిద్దరు ఆయాలు. పొద్దున్నున్న మనిషి సాయంత్రానికి ఉండదు. ఎంత ఏడ్చినా ఎవరూ రారని తెలిశాక పసిబిడ్డ ఏడుపు మానేస్తుంది. ఎవరు నవ్వితే ఆ పూటకి వాళ్లే దిక్కు. నా మనిషంటూ ఒకరుంటారని దానికెలా తెలుస్తుందమ్మా?"

"నయమవుతుందా?"

"కొందరు బాగా కోలుకుంటారు. కొందరిలో కొంత మిగిలిపోతుంది. మీ పిల్ల సంగతి ఇప్పుడే చెబితే అబద్ధమాడినట్టే."

ఏళ్లు గడిచాయి. సోరీనా చదువులో వెనకబడింది. ఏ స్నేహమూ నిలవలేదు. పదిహేడో ఏట, పరిచయమై వారమైనా కాని వాళ్లతో వేరే ఊరు వెళ్లి అక్కడే ఉండిపోయింది. గ్లెనిస్ వెతుక్కుంటూ వెళితే తలుపు తీసి హాయిగా నవ్వింది.

"రండి, కూర్చోండి. టీ పెట్టనా?"

గ్లెనిస్ కూర్చుంది. ఇచ్చిన టీ తాగింది. కప్పు కడిగి పెట్టి, ఒంటరిగా ఇంటికి బయల్దేరింది.

ఆ తల్లి ప్రేమలో లోటేమీ లేదు, అది ఆలస్యంగా అందింది. ఏడ్చిన పసిబిడ్డను ఎత్తుకోవడానికి ఒక సొంత మనిషి ఉండడం పాలంత అవసరం. అది ఇవ్వలేని ఆశ్రమం ఎన్ని గోడలు కట్టి, ఎన్ని మంచాలు వేసినా పిల్లలను పెంచుతున్నట్టు కాదు.