నూట ఇరవై

ఎనిమిది గంటల సైరన్ ఇంకా మోగనే లేదు. సాయంత్రం ఆరింటి దాకా టొమాటోలు కడగబోయే నీళ్లలో మందు బలాన్ని ఆయన అప్పుడే పుస్తకంలోకి ఎక్కించేశాడు. ఎనిమిదికి నూట ఇరవై, తొమ్మిదికి నూట ఇరవై, పదికి నూట ఇరవై. నిజంగా చూసి రాసినట్టు ఉండాలి కదా అని నాలుగింటి దగ్గర మాత్రం నూట పద్దెనిమిది వేశాడు. ప్రతి అంకె పక్కనా గుండ్రటి సంతకం. అబద్ధాలు రాయడానికి అంత ముత్యాల్లాంటి దస్తూరీ దండగ.

పొలం నుంచి వచ్చే కాయల మీద మట్టి ఉంటుంది. మట్టిలో కంటికి కనిపించని క్రిములుంటాయి. వాటిలో కొన్ని మనిషిని మంచాన పడేసే రకం. వాటిని చంపడానికి కాయలు కడిగే తొట్టి నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. మట్టి చేరేకొద్దీ మందు బలం తగ్గిపోతుంది కాబట్టి గంటకోసారి చిన్న కాగితం ముక్క ముంచి చూడాలి. కాగితం నూట ఇరవై చూపే ఊదారంగుకు తిరిగితే నీళ్లు బతికున్నట్టు. తెల్లగా ఉండిపోతే తొట్టిలో ఉన్నది ఒట్టి మురుగు. అప్పుడు గోడకున్న ఎర్ర మీట నొక్కి, కాయల్ని తొట్టిలోకి మోసే బెల్టు ఆపి, తొట్టి ఖాళీ చేసి మళ్లీ నింపాలి. గంటన్నర పని. పందొమ్మిదేళ్లలో ఆయన ఆ మీట ఒక్కసారి కూడా నొక్కలేదు.

చేరిన కొత్తలో మాత్రం గంట గంటకీ కాగితం ముంచేవాడు. తర్వాత రెండు గంటలకోసారి, తర్వాత పూటకోసారి. ఆ తర్వాత ముక్కు చాలనుకున్నాడు. తొట్టి దగ్గర వాసన ఘాటుగా వస్తే నూట ఇరవై. రాకపోయినా నూట ఇరవయ్యే. షెడ్డులో ఆయన పేరే నూటిరవై అయిపోయింది. ఆ సంగతి తనకు తెలియదని జనం అనుకునేవారు. తెలిసినా ఏం చేస్తాడని కూడా అనుకునేవారు. రెండో మాటే నిజం.

మనిషి సన్నం. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, వాటిలో ఎప్పుడూ తడిసి ఉండే పాదాలు, మందుకు తెల్లబడి పగిలిన గోళ్లు. ఎంత రుద్ది స్నానం చేసినా క్లోరిన్ వాసన పోదు. భార్య అటు తిరిగి పడుకోవడం ఎప్పుడో అలవాటు చేసుకుంది.

నోట్లో నాలుక లేని మనిషే గానీ కడుపులో మాత్రం లోకం మీద బోలెడు చులకన. కాయలు ఏరే ఆడవాళ్లు చేతి తొడుగులతోనే ముక్కు గోక్కుంటారని చులకన. ‘శుభ్రంగా కడిగినవి’ అని సంచి మీద చదివి అలాగే కొరికేసే జనమంటే మరీ చులకన. తను మాత్రం పచ్చి టొమాటో నోట పెట్టడు. భార్య పందొమ్మిదేళ్లుగా అన్నం డబ్బాలో నాలుగు చక్రాలు కోసి పెడుతూనే ఉంది, ఆయన వాటిని మూత మీదికి తీసి పక్కన పెడుతూనే ఉన్నాడు. ఎందుకు తినవని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

అందరికంటే ఎక్కువ చులకన మేనేజరంటే. అతను భార్యకు తమ్ముడు. ఈ ఉద్యోగం వేయించింది అతనే. ఇంట్లో ఏ గొడవ ఎక్కడ మొదలైనా “మా తమ్ముడే లేకపోతే” అన్న మాట దగ్గరే ఆగేది.

ఆ రోజు లోడు ఆలస్యంగా వచ్చింది. తెల్లవారుజామున పొలాల్లో వాన పడి, తర్వాత ఎండ మాడ్చేసింది. పెట్టెల నిండా బురద. కాయలు ముట్టుకుంటే జ్వరమొచ్చిన ఒళ్లులా ఉన్నాయి. తొట్టి నీళ్లను వెచ్చగా ఉంచే హీటరు నాలుగు రోజులుగా పనిచేయడం లేదు. పదకొండింటికి నీళ్లు కాఫీ రంగుకు వచ్చాయి. ముక్కు దగ్గరగా పెట్టి పీల్చాడు. ఏ వాసనా లేదు.

సొరుగులోంచి కాగితాల సీసా తీశాడు. సీలు గోటితో గీకి విప్పాల్సి వచ్చింది. కాగితం ముంచాడు, తెల్లగానే ఉంది. ఇంకోటి ముంచాడు, అదీ తెల్లగానే ఉంది. రెండింటినీ తొట్టి అంచున అంటించి వాటికేసి చూస్తూ నిలబడ్డాడు.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం శిక్షణ ఇవ్వడానికి ఒకావిడ వచ్చింది. ఎండలో పెట్టిన టొమాటోను నీలం రంగు కలిపిన చల్లటి నీళ్లలో కాసేపు ముంచి, తీసి, రెండుగా కోసింది. తొడిమ ఊడిన చోటు నుంచి లోపలి కండ దాకా నీలం. వేడి కాయ చల్లటి నీళ్లలో పడితే ఆ నీళ్లను లోపలికి పీల్చుకుంటుందని, నీళ్లలో ఉన్న క్రిములు కూడా వాటితో పాటే పోతాయని, ఇక పైన ఎంత కడిగినా లాభం లేదని చెప్పింది. జీవితంలో ఆయన నేర్చుకున్న చదువంతా అదే. ఇంటికెళ్లి ఎంతో ఉత్సాహంగా భార్యకు చెప్పబోతే, నీలం టొమాటోలేమిటి, మతి పోయిందా అని ఆవిడ లేచి వెళ్లిపోయింది.

బెల్టు చివర పెట్టెల మీద ఆసుపత్రి వంటశాల చీటీలున్నాయి. అక్కడ రోగులకు వీటిని పచ్చివే కోసి పెడతారు. బెల్టు ఆపాలా వద్దా అన్నదానిలో ఆలోచించాల్సింది ఏమీ లేదు. అయినా ఆయన ఆలోచించాడు. పుస్తకం చంకలో పెట్టుకుని బావమరిది గదికి వెళ్లి, నీళ్లు చచ్చిపోయాయి, ఆపాలి అన్నాడు.

బావమరిది ఫోను పక్కన పెట్టి, పుస్తకం తీసుకుని, తాపీగా పేజీ మీద వేలు జరిపాడు.

“పదకొండుకి నూట ఇరవై అని ఉందిగా. సంతకం నీదేగా బావా?”

బావమరిది వేలు పేజీ అడుగుకు జారింది.

“ఆరింటిక్కూడా నూట ఇరవయ్యే ఉంది. ఆరింటికి బాగుండబోయే నీళ్లు ఇప్పుడెలా పాడయ్యాయి?” పుస్తకం మూసి చేతికిచ్చాడు. “ఆపాలంటే ఆపు, నేను వద్దంటానా? ఎందుకు ఆపావో మాత్రం ఇందులో నువ్వే రాయి.”

అది రాయడమంటే పందొమ్మిదేళ్ల పుస్తకాలన్నీ అబద్ధాలని రాసివ్వడమే. తిరిగి వచ్చాడు. కాయలు బుడుంగున పడుతున్నాయి, మునుగుతున్నాయి, తేలుతున్నాయి. ఛీ అనుకున్నాడు. ఆడవాళ్లను కాదు, బావమరిదిని కాదు. మొదటిసారి తనను తనే అనుకున్నాడు. వెళ్లి ఎర్ర మీట నొక్కాడు.

బెల్టు ఆగింది. షెడ్డులో అంత నిశ్శబ్దం ఆయన ఎప్పుడూ వినలేదు. ఎనిమిది మంది ఆడవాళ్లూ పని ఆపి తలెత్తారు. బావమరిది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పదిమంది ముందు అతను ‘గారు’ చేరుస్తాడు.

“ఏమైంది బావగారూ?”

నీళ్లు బాగాలేవు. చెప్పాల్సింది రెండే రెండు మాటలు. అవి నాలుక చివరిదాకా వచ్చాయి కూడా.

“ఏం లేదు. చెయ్యి తగిలింది.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయనే మళ్లీ బెల్టు నడిపించాడు.

మధ్యాహ్నం డబ్బా విప్పి టొమాటో చక్రాలు మూత మీద పెట్టాడు. అన్నం కూడా సయించలేదు. తొట్టి పక్కన ఖాళీ పెట్టె బోర్లించుకుని గోడకు చేరగిలబడ్డాడు. ఎడమ భుజం లాగుతోంది, చెమట పడుతోంది. గాలి పట్టిందనుకున్నాడు. ఒళ్లో పుస్తకం పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. బెల్టు నడుస్తూనే ఉంది. మూడయింది, నాలుగయింది. నూటిరవైకి ఈ పూట కునుకు బాగా పట్టిందని ఆడవాళ్లు నవ్వుకున్నారు. ఆరు గంటల సైరన్‌కు కూడా లేవకపోతే వాళ్లలో ఒకామె వెళ్లి భుజం కదిపి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ప్రాణం పోయి మూడు గంటలు దాటి ఉంటుందని డాక్టరు చెప్పాడు. బావమరిది ఏడ్చాడు, దొంగ ఏడుపేమీ కాదు. అక్కకు ఫోన్ చేసి ఇంకాస్త ఏడ్చాడు. తర్వాత కళ్లు తుడుచుకుని పుస్తకం తెరిచాడు. నాలుగింటికి నూట పద్దెనిమిది, ఐదింటికి నూట ఇరవై, ఆరింటికి నూట ఇరవై. సంతకాలన్నీ ఉన్నాయి. పని మధ్యలో వదిలేసే మనిషి కాదు మా బావ అంటూ, అడుగున ‘సరిచూశాను’ అని రాసి తన సంతకం పెట్టాడు. ముందు టొమాటోల లారీ, దాని వెనకే అంబులెన్సు, ఒకే గేటు దాటి ఒకే ఆసుపత్రి వైపు వెళ్లాయి.

లైట్లు ఆర్పే ముందు తొట్టి కడగడానికి వచ్చినామె అంచు దగ్గర ఆగింది. రెండు కాగితం ముక్కలు అక్కడే ఎండి అంటుకుని ఉన్నాయి, సీసాలోంచి తీసినప్పటంత తెల్లగా.