చురకత్తి బొమ్మలు

రొయ్యల షెడ్డు గేటు దగ్గర షిఫ్టు దిగిన ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. రొయ్యలు దాచుకుపోతున్నారన్న వంకతో మేస్త్రీ ఒక్కొక్కరినీ తడిమి బయటికి పంపుతున్నాడు. పక్కన మగవాళ్ళ వరసలో సంచి విప్పి చూపిస్తే చాలు. ఇక్కడ మాత్రం ఆయన చేతులతోనే చూడాలి.

కొత్తగా చేరిన పిల్ల వంతు వచ్చింది. కడుపుతో ఉంది. మేస్త్రీ ఆ కడుపు మీద అరచెయ్యి ఆనించి, “ఇందులో ఎన్ని కిలోలు దాచావే?” అని పళ్ళికిలించాడు. చెయ్యి కిందికి జారింది. కొత్తపిల్ల గోడకేసి తిరిగి భళ్ళున కక్కుకుంది. మేస్త్రీ తన బూటు మీద పడ్డ చుక్కను చూసి, “ఛీ, గలీజు ముండ” అన్నాడు.

ఆ పిల్ల వెనకాల వరసలో నిలబడ్డ ఇంకో తల్లి అంతా చూసింది. ఆ షెడ్డులో రొయ్యలు ఒలిచి ఒలిచి ఆమె గోళ్ళు ఊడిపోయాయి. కుళ్ళిన తలకాయల గుట్ట పక్కనే కూర్చుని అన్నం తినగలదు. కానీ తన మీదికి వచ్చే ఆ పొగాకు కంపు చెయ్యిని మాత్రం ఇన్నేళ్ళయినా ఓర్చుకోలేకపోయింది. ఎప్పటిలాగే ఊపిరి బిగబట్టి, తల దించుకుని గేటు దాటింది.

ఆ తల్లి కూతురిది కూడా అదే షెడ్డు. అట్టపెట్టెల మీద కుంచెతో అక్షరాలు రాసే పని. ఇంటికి రాగానే అడిగింది.

“చూశావా అమ్మా?”

“చూశా. నోరు మూసుకుని అన్నం తిను. అందరికీ ఉన్నదే.”

“అందరికీ ఉందని ఊరుకోవాలా?”

“ఊరుకోకపోతే ఏం చేస్తావే? వాడి చెయ్యి నరుకుతావా?”

కూతురు కుంచె తీసింది. చింపిన అట్టముక్క ముందేసుకుని కూర్చుంది.

అలా ఆ అట్ట మీద మొదలైంది చురకత్తి, షెడ్డు కూలిదాని బొమ్మ. పొట్టి మనిషి. చప్పిడి ముక్కు, రబ్బరు బూట్లు, నెత్తిన టోపీ. అందగత్తె కాదు. కళ్ళు మాత్రం చూసినవాడి గుండె జారేలా ఉంటాయి. ఒక్కో అట్ట మీద నాలుగేసి గళ్ళు, గడికో బొమ్మ, గడిగడికీ కథ. ఆ కథలో మేస్త్రీకి మొహం లేదు. ఉన్నవి చేతులే. జిగురు కారుతూ, పీతల్లా పాకుతూ గడి నుంచి గడికి వస్తాయి.

మధ్యాహ్నం తిండి గదిలో అట్టలు చేతులు మారాయి. చదువు రానివాళ్ళ కోసం గొంతక్క కథ పాడింది. ఆమె ఐసు కొట్టే మనిషి, బొంగురు గొంతు. ఒకరు అట్ట తిప్పుతుంటే ఈమె పాడేది. మిగతావాళ్ళు స్టీలు ట్రేల మీద దరువేసేవాళ్ళు.

“ఒలిచేది రొయ్యనిరా, ఒళ్ళు కాదురా,
కూలికొచ్చినాము గానీ కుక్క నోటి కూడు కాదురా!”

కథ ఎలా ముగియాలన్న దగ్గర పెద్ద గొడవే అయింది. “నరికెయ్యాలి ఆ చెయ్యి!” అని సగం మంది అరిచారు. “నరికితే చురకత్తి జైలుకి పోతుంది, మనం మళ్ళీ ఆ వరసలోకే పోతాం” అంది కొత్తపిల్ల. ఆమె నోరు విప్పడం అదే మొదలు. “ఆ మణికట్టు పట్టుకుని అందరికీ కనపడేలా పైకెత్తాలి. వాడు సిగ్గుతో చావాలి, మనం కాదు.” చివరి గడిలో కూతురు అదే గీసింది.

సంఘం నాయకుడు వచ్చి అట్టలు తిరగేసి మొహం చిట్లించాడు. “ఇదేం ఛండాలం తల్లీ? కూలి రేటు గురించి గియ్యి. ఈ ఆడగొడవలు కార్మికుల ఐక్యతకి దెబ్బ.”

“మమ్మల్ని తడిమే చెయ్యి ఆ ఐక్యతలో ఏ వేలు, అన్నా?” అంది గొంతక్క. నాయకుడు అట్టలు అక్కడే పడేసి బయటికి నడిచాడు.

ఆ సాయంత్రం గేటు దగ్గర, రెండు షిఫ్టులూ కలిసే వేళ, అట్టలు పైకి లేచాయి. ట్రేలు మోగాయి. మగవాళ్ళు కూడా ఆగి చూశారు. కొందరు నవ్వారు, కొందరు తల తిప్పుకున్నారు. మేస్త్రీ ఊగిపోతూ వచ్చి కొత్తపిల్ల భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ మణికట్టు పట్టుకుని పైకెత్తింది.

“ఇదిగో, ఈ చెయ్యే!”

 తర్వాత ఆడవాళ్ళంతా వరస వదిలేసి నేల మీద కూర్చున్నారు. “మమ్మల్ని ముట్టుకునే గేటు మాకొద్దు!”

పోలీసులు వచ్చారు, మేస్త్రీ కోసం కాదు. అసభ్యమైన బొమ్మలు గీసిందని కూతురి జుట్టు పట్టి జీపులో పడేశారు, అట్టలన్నీ కట్టకట్టి పట్టుకుపోయారు. తల్లికి నోట్లో చేదు ఊరింది. ఇన్నేళ్ళూ ఆ చేతులు చేసిన పని అసభ్యం కాలేదు! దాన్ని గీస్తే అసభ్యం! తూ అని ఉమ్మింది. నాయకుడు దగ్గరికొచ్చి, “క్షమాపణ రాసిస్తే వదిలేస్తారమ్మా” అన్నాడు.

“నా కూతురు ఎవడికి రాసివ్వాలయ్యా? నువ్వు రాసివ్వు, ఇన్నాళ్ళూ చూస్తూ నిలబడ్డందుకు.”

ఆమె ఇంటికి పోలేదు. గొంతక్క గదికి పోయింది. ఒకరి తర్వాత ఒకరు అక్కడికే చేరారు.

పొద్దున ఆడవాళ్ళు స్టేషను వీధిలోకి వచ్చారు. ఒంటి మీద షెడ్డులో తొడుక్కునే తెల్లకోట్లు. ఒక్కో కోటు ముందు ఒక్కో గడి, అట్టపెట్టెల మీద రాసే నల్లరంగుతో రాత్రి వాళ్ళే గీసుకున్నది. గీతలు వంకర, ముక్కులు వంకర. అయినా చురకత్తి చురకత్తే. వరసగా నడుస్తుంటే కథ గడిగడికీ సాగింది. గొంతక్క పాటకి ట్రేలు వీధంతా దద్దరిల్లించాయి. ఈసారి మగవాళ్ళు కొందరు వెనకాల నడిచారు. దరువందుకున్నారు. నాయకుడు చిట్టచివర, తల వంచుకుని.

చివరి గడి, పైకెత్తిన ఆ మణికట్టు, తల్లి ఒంటి మీద ఉంది.

ఇన్‌స్పెక్టరు మెట్ల మీదికి వచ్చాడు. “ఆ బొమ్మలన్నీ స్వాధీనం చేసుకోండి!” అని కేకేశాడు. కానిస్టేబుళ్ళు ముందుకొచ్చి, ఎక్కడ చెయ్యి వెయ్యాలో తెలియక ఆగిపోయారు.

వీధి వీధంతా చూస్తోంది. తల్లి ఒక అడుగు ముందుకేసింది. తల ఎత్తే ఉంది.

“అట్టలైతే లాక్కున్నారు. ఇప్పుడీ కథ మా ఒంటి మీదుంది. కావాలంటే మమ్మల్ని ముట్టుకోవాలి. ఇంతమంది ముందు, పట్టపగలు.” కోటు ముందుభాగం రెండు చేతులా సాగదీసి పట్టుకుంది. “రా నాయనా. ముట్టుకో, చూద్దాం.”

ట్రేలు మళ్ళీ మోగాయి.